బర్నియే వీపు మీద మూట

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు యావ్ బర్నియే మంచం మీద లేచి కూర్చుని, ఎడమ చెయ్యి పైకెత్తి చూశాడు. చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది. నిన్న గడ్డం దగ్గరే ఆగిపోయింది. ఈ పూట గడుస్తుందనుకున్నాడు.

గడవాల్సింది పెద్ద పనేమీ కాదు. ఆరింటికి టావియా గారింటికి చేరాలి. కడసారి చూపుకు వచ్చేవాళ్లను ఫోటోలు తీస్తూ ఉండాలి. ఎనిమిదిన్నరకు ఒకే ఒక్క ఫోటో తియ్యాలి. తొమ్మిదింటికి శవపెట్టె మూత వేస్తారు. ఆ తర్వాత ఆ ఫోటోను ఎవరూ, ఎన్ని కెమెరాలతోనూ తియ్యలేరు.

ఆ ఒక్క ఫోటోలో పదకొండు మంది ఉండాలి. కలప లారీల టావియాకు పెద్ద భార్య పోక్వా వల్ల ఏడుగురు పిల్లలు, చిన్న భార్య దుఫీ వల్ల నలుగురు. రెండిళ్ల వాళ్లూ పన్నెండేళ్లుగా ఒక కప్పు కింద నిలబడలేదు. తన పిల్లలందరూ తన పక్కన నిలబడగా ఒక ఫోటో తియ్యాలని, అది తియ్యకుండా పెట్టె మూయొద్దని టావియా పోయే ముందు వంశపెద్ద అంపాదు దగ్గర మాట తీసుకున్నాడు. అంపాదు ఆ పనిని బర్నియేకు అప్పగించాడు. అప్పగిస్తూ ఇంకో ముక్క కూడా అన్నాడు.

"ఇది కుదరకపోతే నీ మీద నాకేం కోపం ఉండదు బర్నియే. వచ్చే చావుకి ఆ కొత్త స్టూడియో వాణ్ణి పిలుచుకుంటాను. వాడి కెమెరా గాల్లో ఎగురుతుందట."

ఎజిసు ఊళ్లో అంపాదు ఎవరిని పిలిస్తే మిగతా వంశాల వాళ్లూ వాళ్లనే పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్ల స్టూడియో ఆ ఒక్క ముక్క మీద వేలాడుతోంది. భుజం సంగతి అంపాదుకు తెలియదు. తెలియకూడదు.

భుజం పోయింది సంచి వల్ల. ముప్పై ఏళ్లు బర్నియే ఒక కెమెరా మెడలో వేసుకుని, మిగతా సామానంతా ఎడమ భుజానికి తగిలించుకుని తిరిగాడు. ఇక దానికి ఏదైనా తగిలిస్తే చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పాక కుడి భుజానికి మార్చాడు. వంగిన ప్రతిసారీ సంచి ముందుకు ఊగి శవానికి తగలబోయేది. ఒకసారి తగిలింది కూడా. నడుముకు కట్టుకునే బెల్టు కొన్నాడు. చుట్టూ లెన్సుల అరలున్న ఆ బెల్టు పెట్టుకుని ఒక చావింటికి వెళితే, పోలీసులనుకుని అల్లుళ్లలో ఇద్దరు పెరటి గోడ దూకి వెళ్లిపోయారు. ఆ ఇంటి ఫోటోలో ఇప్పటికీ ఇద్దరు అల్లుళ్లు తక్కువ. చక్రాల పెట్టె ఎర్రమట్టిలో కూరుకుపోయింది. చివరికి అక్రా నుంచి జోడు పట్టీలు తెప్పించాడు. రెండు భుజాల మీదుగా వచ్చి వీపు మీద ఒకదాన్నొకటి దాటుకునే రకం. వాటితో పదహారు రోజులు నిజంగా సుఖపడ్డాడు.

పదిహేడో రోజు ఒక చావుకు ఊరి దొర వచ్చాడు. దొర ఎదుట మగవాడు ఎడమ భుజం మీది బట్టను కిందికి దించి వంగాలి. బర్నియే దించబోయాడు. బట్ట పట్టీ కింద ఇరుక్కుంది. లాగాడు. పట్టీ బిగిసింది. మూడు వందల మంది భుజాలు దించుకుని వంగి ఉన్న చోట, బట్ట నిండా కప్పుకుని ఒక్కడు నిటారుగా నిమిషంన్నర నిలబడ్డాడు. దొర ఏమీ అనలేదు. ఆయన గొడుగు పట్టుకునేవాడు అన్నాడు. ఆ పట్టీలతో ఇప్పుడు మేకను కట్టేస్తున్నారు.

ఆఖరి దారి చూపించింది అతని భార్య సెర్వా. బజారులో టమాటాలు అమ్మే మనిషి. వాదనను ఎక్కువసేపు నిలవ ఉంచదు.

"ముగ్గుర్ని వీపుకి కట్టుకుని పదేళ్లు బుట్టలెత్తాను. ఏనాడైనా నా భుజం నొప్పన్నానా?"

"నేను మగాణ్ణి సెర్వా."

"అయితే వీపు లేదా?"

వీపు ఉంది. అక్కడితో ఆ సంగతి తేలిపోయింది.

ఆ తెల్లవారుజామున కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో సెర్వా పెద్ద లెన్సునూ రెండో కెమెరానూ తువ్వాల్లో చుట్టి గుండ్రటి మూట చేసింది. ఎడారి దుమ్ము మోసుకొచ్చే హర్మటాన్ గాలి మొదలై వారమైంది, నోరు తెరిస్తే పళ్ల మీద దుమ్ము పేరుకుంటోంది. అందుకని లెన్సు మూతికి మనవరాలి ఊలు టోపీ తొడిగింది. చిన్న స్టాండు కాళ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చెయ్యకుండా వాటికి మేజోళ్లు తొడగడం బర్నియేకు పాత అలవాటు. దాన్ని మూట కిందుగా దూర్చింది. బర్నియే ముందుకు వంగాడు. మూటను వీపు మీద పెట్టి, గుడ్డ కప్పి, చంకల కింది నుంచి ముందుకు తెచ్చి రొమ్ము మీద ఒక ముడి, నడుము దగ్గర ఒక ముడి వేసింది. కింద చెయ్యి పెట్టి రెండుసార్లు ఎగదోసి సర్దింది.

అతను నిటారుగా నిలబడి రెండు చేతులూ ఊపి చూశాడు. భుజాల మీద గాలి తప్ప ఏమీ లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జారుతుంటే వెనక్కి చెయ్యి పెట్టి ఎగదోసుకో. ఊరికే కూర్చోకు, ఊగుతూ ఉండు, ముడి వదులవ్వదు" అని చెప్పి సెర్వా మళ్లీ పడుకుంది.

మేజోళ్లు తొడిగిన స్టాండు కాళ్లు రెండు, చెరో పక్కనా బయటికి వచ్చి ఉన్నాయి. అతనికి కనిపించలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా కెమెరా వెనక నిలబడి ఊళ్లో అందరినీ చూసినవాడు ఆ చీకట్లో తన వెనక ఎలా ఉందో చూసుకోకుండా బయల్దేరాడు.

వీపు మీద ఉన్నది రెండు గజాల నల్లగుడ్డ. దాని మీద ఎర్ర నిచ్చెనల అచ్చు. నిన్న సాయంత్రం సెర్వా దాన్ని పక్కవీధి దర్జీ దగ్గర్నుంచి తెచ్చింది. ఏదో పెద్ద పని కుట్టగా మిగిలిన ముక్క అన్నాడతను. చావుకి నల్లదే కదా అని ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆ పెద్ద పని టావియా పిల్లలది.

చావింట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో నోరు విప్పి చెప్పుకోనక్కర్లేదు. బట్ట చెబుతుంది. ఆ రోజు టావియా వంశం వాళ్లది ఎరుపు. భార్యలిద్దరిదీ అచ్చు లేని నలుపు. ఎర్ర నిచ్చెనల గుడ్డ పిల్లలది. దాన్ని పదకొండు మందికి మాత్రమే కొలిచి తెప్పించారు. ఊరి వాళ్లు అది కట్టుకోరు, చుట్టాలు కట్టుకోరు. అది ఒంటి మీద ఉందంటే, మంచం మీద పడుకున్న మనిషిని నాన్నా అని పిలిచే హక్కు ఉందన్నమాట.

ఆరు గంటల పది నిమిషాలకు సాపోమా చూసింది. చనిపోయినాయన అక్క, ఎనభై ఏళ్లు దాటాయి. గుమ్మం పక్కన కూర్చుని, వచ్చినవాళ్ల బట్ట చూసి ఎవరు ఎక్కడ కూర్చోవాలో వేలుతో చూపిస్తోంది. ముందు కెమెరా వచ్చింది. ఫోటోల బర్నియే అని తల ఊపింది. అతను ఆమెను దాటాడు. అప్పుడు వీపు వచ్చింది.

ఊలు టోపీ. మేజోళ్లు తొడిగిన రెండు కాళ్లు. పిల్లల గుడ్డ.

సాపోమా నములుతున్న పళ్లపుల్ల నోట్లో ఆగింది.

ఆవిడ తొందరపడే మనిషి కాదు. ఒకటొకటిగా కూడింది. బిడ్డ టావియాది, గుడ్డ చెబుతోంది. బిడ్డను తల్లి వీపున కాకుండా మగవాడు మోస్తున్నాడంటే తల్లి లేదు. కాన్పులోనే పోయి ఉంటుంది. తల్లి లేని బిడ్డను తండ్రికి చూపించడానికి తేవాల్సిన మగవాడు లోకంలో ఒక్కడే, మేనమామ. బర్నియేకు చెల్లెళ్లు ఉన్నారా? ఇద్దరు ముగ్గురు ఉన్నారని ఎప్పుడో విన్నట్టు గుర్తు. పాపం, ఎవరికీ చెప్పుకోలేక, కెమెరా నెపం మీద తెచ్చాడు.

వెళ్లి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ శవం ఇంట్లో ఉండగా అలాంటి ప్రశ్న నోటితో అడగరు. సాపోమా అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి పక్కనున్న ఇద్దరికి చెప్పి ఊరుకుంది. వాళ్లూ మర్యాద తెలిసినవాళ్లే. ఆరూ నలభైకి ఇంట్లో బర్నియేకూ టావియాకూ తప్ప అందరికీ తెలిసింది.

బర్నియే అప్పుడు వేరే బాధలో ఉన్నాడు. ఏడింటికి పోక్వా పెద్దకొడుకు సర్పోంగ్ దగ్గరకు వెళ్లి ఫోటో సంగతి ఎత్తాడు. సర్పోంగ్ అతని వీపు వంక ఒక్కసారి చూసి, చిన్నింటి వాళ్లు ఆ గదిలో అడుగు పెడితే తాను అవతలికి పోతానన్నాడు. దుఫీ పెద్దకూతురు అంట్వివా, బడిలో టీచరు, ఆ మాటనే ఇంకా మంచి భాషలో చెప్పింది. బర్నియే ఇద్దరికీ నచ్చజెప్పాడు. చెబుతున్నంతసేపూ ముడి వదులవ్వకుండా మెల్లగా ఊగుతూనే ఉన్నాడు. మధ్యమధ్య చెయ్యి వెనక్కి పెట్టి మూటను ఎగదోసుకున్నాడు. ఆ ఊపు చూసి అంట్వివా కళ్లు తుడుచుకుంది. తన మాటలకే కరిగిందనుకుని బర్నియే ఇంకాస్త మాట్లాడాడు. ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత జరిగినవి అతనికి వింతగా తోచాయి. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ చావింట్లోనూ అతనికి కుర్చీ వెయ్యలేదు. దుమ్ము రాకుండా కిటికీ రెక్క ఒకటి మూశారు. కరెంటు వచ్చాక ఒకావిడ ఫ్యాను అతని వైపు తిప్పింది, మళ్లీ ఏదో ఆలోచించి అటు తిప్పేసింది. అతను మూల నిలబడితే అక్కడి వాళ్లు గొంతు తగ్గించారు. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లు అతని దగ్గరకు రాగానే ఏడుపు ఆపి, పది అడుగులు దాటాక మళ్లీ అందుకున్నారు. ఇంతలో సాపోమా స్వయంగా ఒక గిన్నెలో గోరువెచ్చని పాలు తెచ్చి అతని చేతికిచ్చింది. భుజం తట్టి వెళ్లిపోయింది.

ఎజిసు జనానికి ఇన్నాళ్లకు పనివాడి విలువ తెలిసిందనుకున్నాడు బర్నియే. పాలు తాగేశాడు. దూరం నుంచి చూస్తున్న ఆడవాళ్లు తలలు తిప్పుకున్నారు. ఎన్నాళ్లుగా తిండి లేదో పాపం అనుకున్నారు. ఇంకో గిన్నె వచ్చింది. ఈసారి అందులో చిన్న చెంచా ఉంది. అతను చెంచా పక్కన పెట్టి అదీ తాగేశాడు.

పెరట్లో మాత్రం వ్యవహారం ముదిరింది. పోక్వా, దుఫీ పన్నెండేళ్ల తర్వాత ఎదురెదురుగా నిలబడ్డారు. నీకు ముందే తెలుసునని ఆవిడ, నువ్వే దాచావని ఈవిడ. నాలుగు మాటలయ్యాక ఇద్దరికీ తెలియదని ఇద్దరికీ అర్థమైంది. అప్పుడు ఒక బల్ల మీద కూర్చుని లెక్క మొదలుపెట్టారు. పోయినేడాది వానలప్పుడు ఆయన ఎక్కడున్నాడు? నీ దగ్గరున్నాడనుకున్నాను అంది పోక్వా. మీ దగ్గరనుకున్నాను అక్కా అంది దుఫీ. ఆ అక్కా అన్న పిలుపు విని చుట్టుపక్కల ఆడవాళ్లు కదలకుండా నిలబడిపోయారు. సున్యాని ఊరికి కలప లారీలు గురువారం వెళ్లి ఆదివారం వచ్చేవి. ఆదివారం కాదక్కా, సోమవారం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మూడో ఆవిడ ఉన్నది సున్యానిలోనే అని తేలిపోయింది.

పిల్లలూ అంతే. తండ్రి పెట్టె చేయించాల్సింది పిల్లలు. పదకొండు మందీ కలిసి, ఎవరి వాటా వాళ్లు మధ్యవర్తి చేత పంపించి ఆ పెట్టె చేయించారు. ఇప్పుడు పన్నెండోవాడొస్తే పెట్టెలో వాడి భాగమేదని సర్పోంగ్ అడిగాడు. చంటిబిడ్డ పెట్టె ఎలా చేయిస్తాడన్నయ్యా అని అంట్వివా అడిగింది. సర్పోంగ్ జవాబు వెతుక్కుంటుండగా, ఆమె తనను అన్నయ్యా అన్న సంగతి తట్టి మాట మరిచిపోయాడు. ఎవరొచ్చినా రాకపోయినా, ముందు తాము పదకొండు మందీ ఒక వరసలో కనబడాలన్నది చివరికి అందరూ ఒప్పుకున్న మాట. ఎదిరించడానికా, ఆదరించడానికా అన్నది మాత్రం తేల్చుకోలేదు.

ఎనిమిదీ పది. శవం ఉన్న గదిలో బర్నియే ఒక్కడే ఉన్నాడు. పదకొండు మందిలో ఒక్కరూ రాలేదు. ఇంక ఇరవై నిమిషాలు. చేతులు ఊరుకోక, అప్పటిదాకా తీసినవి కెమెరా వెనక తెర మీద చూసుకోవడం మొదలుపెట్టాడు. మంచం బాగా వచ్చింది. టావియా మొహం ప్రశాంతంగా ఉంది. గోడకు ఆనించి పెట్టిన పెట్టె మూత, దాని మీది గాజు పలక...

గాజులో ఎవరో ఉన్నారు. బిడ్డను వీపున కట్టుకుని కాస్త పక్కకు తిరిగిన ఒక మనిషి. ఊలు టోపీ, రెండు చిన్న కాళ్లు, ఎర్ర నిచ్చెనల గుడ్డ. శవం ఉన్న గదిలోకి చంటిబిడ్డను తెచ్చిన ఈ బుద్ధిలేనివాడెవడని బర్నియేకు కోపం వచ్చింది. బొమ్మ పెద్దది చేసి చూశాడు. ఆ మనిషి బట్టతల చూశాడు. కంటికి ఆనించిన కెమెరా చూశాడు.

పాలు, కుర్చీ, ఫ్యాను, చెంచా, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ముడి మీద చెయ్యి వేశాడు. పెరటి వైపు వెళ్లి, విప్పేసి, సామాను చేత్తో పట్టుకుని వచ్చేస్తే సరి. రెండు అడుగులు వేశాడు. తలుపు తెరుచుకుంది.

ముందు అంపాదు వచ్చాడు, ఎర్రబట్టలో. వెనక సాపోమా, చేతుల్లో పళ్లెం. పళ్లెంలో రెండు గాజు గ్లాసులు. ఆమె వెనక పోక్వా, దుఫీ, పక్కపక్కన. వాళ్ల వెనక సర్పోంగ్, అతని వెనక అంట్వివా, తర్వాత మిగతా తొమ్మిది మంది. ఇల్లు తేడా లేకుండా, వయసు వరసలో వచ్చి మంచానికి అవతలగా నిలబడ్డారు. గుమ్మం అవతల ఊరు ఊరంతా ఉంది.

"బర్నియే," అన్నాడు అంపాదు. "నువ్వు కెమెరా పట్టుకుని వచ్చిన పని వేరు, వీపున పెట్టుకుని వచ్చిన పని వేరు. అది మేం చూశాం. మేనమామ చెయ్యాల్సిందే నువ్వు చేశావు. తల్లి లేని బిడ్డని తండ్రి మొహం చూడకుండా పంపిస్తే ఆ తప్పు మా వంశానిది. పెట్టె మూయకముందే పేరు పెట్టేస్తాం. ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు."

ఉంటే ఇప్పుడే చెప్పమన్నట్టు అందరి వంకా చూశాడు. సర్పోంగ్ నోరు తెరవబోయాడు. పోక్వా అతని వంక చూసింది. నోరు మూసుకున్నాడు.

"పెద్దాయనా, నేనొక మాట చెప్పాలి."

"చెబుదువుగాని. తొందరేం లేదు."

చెప్పాల్సిన మాట బర్నియే నాలుక మీదే ఉంది. అప్పుడే తూర్పు కిటికీలోంచి ఎండ వచ్చి మంచం అవతల పడింది. హర్మటాన్ దుమ్ములోంచి వచ్చే పల్చని ఎండ, మొహం మీద నీడ పడనివ్వదు. ఆ వెలుగులో పదకొండు మంది. ఏడుగురు, నలుగురు కాదు. పదకొండు. అంట్వివా కొంగు సర్పోంగ్ చేతికి తగులుతోంది, అతను చెయ్యి లాక్కోలేదు. మాట చెప్పిన మరుక్షణం ఈ వరస రెండు ముక్కలవుతుంది. మళ్లీ కలవదు.

అతను నోరు తెరిచినప్పుడు వచ్చింది వేరే మాట.

"ముందు ఒక్క ఫోటో తీసుకోనివ్వండి."

అది మేనమామ హక్కేనని అంపాదు తల ఊపాడు. బర్నియే కెమెరా ఎత్తాడు. ఎడమ చెయ్యి కింద ఆనింది, వణకలేదు. మూడు ఫోటోలు తీశాడు. మూడూ సూదిమొనలా వచ్చాయని చూడకుండానే తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ల పనిలో అంత మంచి ఫోటో తియ్యలేదు. అంత సిగ్గూ పడలేదు.

అంపాదు మొదటి గ్లాసులో వేలు ముంచాడు. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో సారా. బిడ్డ నాలుక మీద చెరో చుక్కా వేసి, నీళ్లయితే నీళ్లను, సారా అయితే సారా అను, ఇంకోలా అనకు అని చెబుతారు. ఈ లోకంలో మనిషికి మొదట చెప్పే మాట అది. బర్నియేకు కూడా ఎవరో చెప్పే ఉంటారు.

చెప్పెయ్యాలనుకుని ఊపిరి తీసుకున్నాడు. కానీ ఎనభై ఏళ్ల చేతులు అప్పటికే వెనక నుంచి వచ్చి ముడి విప్పేశాయి. ఆ చేతులు ఎంతమంది బిడ్డల్ని అలా దించాయో లెక్క లేదు. మూట ఒడుపుగా సాపోమా ఒడిలోకి జారింది. ఆమె టోపీని నుదుటి మీంచి మెల్లగా పైకి తీసింది.

పెద్ద నల్లటి గాజు గుడ్డు ఆవిడ వంక చూసింది. ఆవిడ దాని వంక చూసింది. ఇద్దరిలో ఎవరూ రెప్ప వెయ్యలేదు.

"తమ్ముడూ," అని అంపాదుతో నెమ్మదిగా అంది సాపోమా. "వీడికి ఒకటే కన్ను."

తడి వేలు గాల్లో ఆగిపోయింది.

"అది బిడ్డ కాదు అత్తా," అన్నాడు బర్నియే. "లెన్సు. నాకు భుజం పోయింది, సంచి మొయ్యలేను. మా ఆవిడ ఇలా కట్టింది. గుడ్డ మీ పిల్లలదని నాకు తెలియదు. మీరంతా ఏమనుకుంటున్నారో మాత్రం పావుగంట కిందటే తెలిసింది. ఫోటో కోసం నోరు మూసుకున్నాను."

సర్పోంగ్ ఒక అడుగు ఎడమకు జరిగాడు. అంట్వివా ఒక అడుగు కుడికి జరిగింది. మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. పోక్వా, దుఫీ తాము పక్కపక్కన నిలబడి ఉన్నామని అప్పుడే గమనించారు.

అంపాదు వేలు తుడుచుకున్నాడు. గొంతు పెంచలేదు. శవం ముందు తనచేత లేని బిడ్డకు పేరు పెట్టించబోయావన్నాడు. పాలు కూడా నువ్వే తాగావని సాపోమా గుర్తు చేసింది. గ్లాసుల్లోవి పారబొయ్యమని అంపాదు చెప్పాడు. కెమెరా కింద పెట్టమని బర్నియేకు చెప్పాడు. బర్నియే మెడలోంచి కెమెరా తీశాడు. కొత్త స్టూడియో వాడి నంబరు ఎవరి దగ్గరుందని అంపాదు గుమ్మం వైపు తిరిగి అడిగాడు.

"ఆ నీళ్లు పారబొయ్యకండి పెద్దాయనా."

జనం వెనక నుంచి ఒకామె ముందుకు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఊరి వాళ్లు కట్టే మామూలు నల్లబట్ట, దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు. చేతిలో ఐదేళ్ల పిల్ల చెయ్యి. పేరు నియార్కో అని, టెచిమన్ నుంచి రాత్రి బస్సుకు వచ్చానని చెప్పింది.

"దూరం నుంచి చూసి వెళ్లిపోదామనే వచ్చాను. మీరు ఎవరి బిడ్డకో చోటు చేస్తుంటే విన్నాను. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది కదా."

"టెచిమన్," అంది పోక్వా.

"సున్యాని కాదక్కా," అంది దుఫీ, ఎటో చూస్తూ.

సాపోమా లెన్సును పక్కనున్నామె ఒడిలో పెట్టి లేచింది. ఈసారి తొందరపడదలచుకోలేదు. పిల్ల గడ్డం పట్టుకుని మొహం వెలుగుకు తిప్పింది. రెండు కళ్లూ ఉన్నాయో లేదో చూసుకుంది. తర్వాత ఎడమ చెవి మీది జుట్టు తొలగించింది. చెవి పైఅంచు చిన్న ఆకులా లోపలికి మడిచి ఉంది. ఆవిడ మంచం మీది తమ్ముడి చెవి వైపు వేలు చూపించింది. మంచానికి అవతల ఉన్న పదకొండు మందీ, తెలియకుండానే, ఎవరి ఎడమ చెవి వాళ్లు తడుముకున్నారు.

అభ్యంతరం ఉంటే చెప్పమని అంపాదు మళ్లీ అడగలేదు. ఒకసారి అడిగేశాడు, ఊరంతా వింది, ఎవరూ కాదనలేదు. ఆ సంగతి సర్పోంగ్‌కు అర్థమై నుదురు రుద్దుకున్నాడు. పోక్వా పిల్ల ముందు వంగింది. గది మొత్తం ఆమె నోటి వంక చూస్తోంది.

"ఏమైనా తిన్నావా?" అని అడిగింది.

పిల్ల లేదన్నట్టు తల ఊపింది. పాలేమైనా మిగిలాయా అని పోక్వా వెనక్కి తిరిగి అడిగింది. ఎవరూ బర్నియే వంక చూడకుండా ఉండలేకపోయారు.

పేరు తండ్రే పెట్టాడని, అందరి ముందూ పిలవలేదంతేనని నియార్కో చెప్పింది. అంపాదు ఆ పేరును అందరి ముందూ పిలిచాడు. నీళ్ల చుక్క వేశాడు, సారా చుక్క వేశాడు. సారాకు పిల్ల మొహం వికారంగా పెట్టి, ఇది నీళ్లు కాదంది. సాపోమా నోట్లో పుల్ల మళ్లీ కదిలింది.

ఎనిమిదీ యాభై రెండు. అంపాదు బర్నియే దగ్గరకు వచ్చి, కింద పెట్టిన కెమెరాను తనే తీసి చేతికిచ్చాడు. ఇందాక తీసినది ఇక పనికిరాదన్నాడు. అందులో పిల్లలందరూ లేరు. టావియా అడిగింది పిల్లలందరినీ.

బర్నియే పదకొండు మందినీ మళ్లీ సర్దాడు. ఈసారి జరపాల్సిన పని పెద్దగా పడలేదు. మధ్యలో ఖాళీ అప్పటికే ఉంది. పిల్ల అందులో నిలబడితే మంచం అంచు దాటి కళ్లు మాత్రమే కనిపించాయి. అంట్వివా ఒక పీట తెచ్చింది. పీట ఊగుతుంటే సర్పోంగ్ వంగి, ఎవరి వంకా చూడకుండా, ఒక చేత్తో దాన్ని పట్టుకున్నాడు. అలా వంగితే ఫోటోలో నీ తల కనబడదని బర్నియే అన్నాడు. పీట వదిలి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

పన్నెండు మంది. ఎండ ఇంకా అక్కడే ఉంది. పెట్టె మూత ఎత్తడానికి నలుగురు మనుషులు గుమ్మంలో సిద్ధంగా ఉన్నారు. బర్నియే కెమెరా ఎత్తి, కన్ను ఆనించి, వేలు బటన్ మీద పెట్టాడు. అప్పుడు అంపాదు వెనక నుంచి వచ్చి గుమ్మం అవతలి జనాన్ని ఒకసారి పరికించి చూసి, అతని చెవిలో ఒక్క ముక్క చెప్పాడు.

కుడివైపు కొంచెం చోటు వదిలి తియ్యమని.